ఇంకొకరి పాదం

ఆ బల్ల మీద ఆ మనిషి పట్టలేదు. భుజాలు రెండు వైపులా బయటికి జారుతుంటే ఫిలిపీనో నర్సు దుప్పట్లు మడిచి చేతుల కింద ఎత్తు పెట్టింది. నిద్రపోయినా పరవాలేదు గానీ కదలొద్దు అని ఇంగ్లీషులో చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు. స్కానింగ్ గది తలుపు మూసుకుంది, దాని పైన ఎర్రదీపం వెలిగింది. నడుము, మోకాళ్ళు, పాదాలు, అన్నీ తీస్తారు కనుక గంట పడుతుందన్నారు. ఉమేరా గోడవారన ఉన్న కుర్చీలో కూలబడింది. కూర్చున్నాక గానీ తెలియలేదు, పొద్దున విమానాశ్రయంలో అతన్ని ఎక్కించుకున్నప్పటి నుంచి తను ఎక్కడా నిమ్మళంగా కూర్చోలేదని. బయట ఆగస్టు ఎండకు కారు స్టీరింగు ముట్టుకుంటే చేయి కాలుతోంది, ఇక్కడేమో ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఈ దోహాలో ఒంటికి ఎప్పుడూ ఈ రెండే, మధ్యలో ఏదీ లేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఈ గంటసేపు ఇది మోగకపోతే చాలు అనుకుంది. మోగింది. తెర మీద ఉబైద్ పేరు వెలుగుతూ ఆరుతూ ఉంటే చూస్తూ కూర్చుంది, అదే ఆగిపోయింది, ఆగిపోయినందుకు హాయిగా అనిపించింది, హాయిగా అనిపించినందుకు సిగ్గేసింది.

ఉబైద్ తొమ్మిదేళ్ళుగా ఈ బాస్కెట్‌బాల్ క్లబ్బులో సెంటర్, బుట్ట కింద నిలబడే పొడుగు ఆటగాడు, రెండేళ్ళుగా కెప్టెను. సూడాన్ మనిషి. ఒప్పందం వేసవి మొదట్లో అయిపోయింది. ఒప్పందం అయిపోయిన ఆటగాడు ఎవరికీ చెందడు, ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. ఆఫీసులో దాన్ని స్వేచ్ఛ అంటారు. ఆటగాళ్ళ ఒప్పందాలు, వీసాలు, విమానం టికెట్లు, ఇళ్ళ అద్దెలు చూడటం ఉమేరా ఉద్యోగం. ఎన్నో వేసవులుగా ఈ స్వేచ్ఛను దగ్గర నుంచి చూస్తోంది. దాని ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు: ఫోను చేతిలో పట్టుకుని, మోగకపోతే చార్జింగు ఉందో లేదో చూసుకునే ముఖం. డైరెక్టర్ గదిలో తెల్లబోర్డు ఉంది, దాని మీద పేర్లు రాసిన అయస్కాంతపు బిళ్ళలు. ఆయన చెడ్డవాడు కాదు, ఆమె పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటాడు, కూతురు శిఫా చదువు గురించి అడుగుతాడు. బోర్డు ముందు నిలబడితే మాత్రం వేరే మనిషి. జూన్‌లోనే లెక్క తేల్చాడు. ముందు సెంటర్ దొరకాలి, అతన్ని బట్టి మిగతా వాళ్ళు. విదేశీయులకు ఉన్న చోట్లు తక్కువ, ఒక చోటు ముసలి మోకాళ్ళకు ఇవ్వలేం. నైజీరియా కుర్రాడొకడున్నాడు, ఇరవై మూడేళ్ళు, ఏడడుగులు, పోయిన సీజను పాదం నొప్పితో సగం బయటే కూర్చున్నాడు కాబట్టి అందుబాటులోకి వచ్చాడు. స్కానింగులో పాదం బాగుంటే అతనికి నాలుగేళ్ళు రాద్దాం. బాగా లేకపోతే ఉబైద్‌కు ఒక్క ఏడాది ఇద్దాం. అంతవరకు ఉబైద్ ఇంకెక్కడా సంతకం పెట్టకూడదు, మనం మాటా ఇవ్వకూడదు. ఇదంతా చెప్పి, ఉమేరా వైపు తిరిగి, అతన్ని వెచ్చగా ఉంచు అన్నాడు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమెకు చాయ్ గుర్తొచ్చింది, ఇంకా రాని చుట్టం కోసం సన్నటి మంట మీద పెట్టి ఉంచేది, మరిగి మరిగి చేదెక్కేది. ఆ పని ఆమెకే ఎందుకు ఇచ్చాడో అడగక్కర్లేదు. ఉబైద్ ఆమె మాట నమ్ముతాడు.

నమ్మడా మరి. నాన్న పోయినప్పుడు ఆమె ఉన్నపళంగా సొంతూరు బోధన్ వెళ్ళాల్సి వచ్చింది. భర్త ఖాసీం ఉత్తరాన అల్ రువైస్ ఓడరేవులో డ్యూటీ మీద ఉన్నాడు, అక్కడి నుంచి గురువారం గానీ ఇంటికి రాడు. ఉబైద్ భార్య ఏమీ అడగకుండా శిఫాను తీసుకెళ్ళి, ఆమె తిరిగొచ్చేదాకా తన పిల్లల మధ్య పడుకోబెట్టుకుంది. శిఫా అక్కడే జొన్నరొట్టెలాంటి వాళ్ళ రొట్టె తినడం నేర్చుకుంది, మా నానమ్మ చేసినట్టే ఉందమ్మీ అంది. తర్వాత వాళ్ళ ఊరు ఒమ్‌దుర్మాన్‌లో యుద్ధం ఉబైద్ వాళ్ళ వీధి దాకా వచ్చింది. అతని తల్లి వీసా కాగితాల కోసం ఉమేరా ఏ కిటికీ ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే గుర్తులేదు. ఆ ముసలామె ఇప్పుడు ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఫ్లాట్‌లో కిటికీ పక్కన మంచం వేసుకుని, కింద దుకాణాలకు వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది, ఉమేరా వెళితే చెయ్యి పట్టుకుని వదలదు. ఆ ఇల్లు క్లబ్బుది. వాళ్ళందరూ ఇక్కడ ఉండే అనుమతి ఉబైద్ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఆ ముడి విప్పితే వెళ్ళడానికి వాళ్ళకు ఊరు లేదు, ఊరు ఉన్నచోట ఇల్లు లేదు. పోయిన వారం ఉబైద్ ఫోను చేసి బహ్రెయిన్‌లోని ఒక క్లబ్బు రెండు సీజన్లకు అడుగుతోందని, కుటుంబానికీ వీసా ఇస్తుందని, జవాబు కోసం కొన్నాళ్ళే ఆగుతుందని చెప్పాడు. దాచుకోవాల్సిన సంగతి దాచుకోకుండా చెప్పాడు. సిస్టర్, ఏం చెయ్యమంటావు అని అడిగాడు. ఇంకొంచెం ఆగు అంది ఆమె. నువ్వు చెబితే ఆగుతాను అన్నాడు. బహ్రెయిన్ వాళ్ళ గడువు ఇవాళ సాయంత్రం.

గోడ అవతల యంత్రం మొదలైంది, డబడబా సుత్తితో రేకు మీద కొట్టినట్టు, ఆగి, మళ్ళీ. ఇలాంటి చప్పుడు చిన్నప్పుడు ఎక్కడ వినేదో వెతుక్కుంది. చక్కెర ఫ్యాక్టరీ. చెరకు బండ్లు బారులు తీరిన రోడ్డు, గాలిలో బెల్లం మాడిన వాసన, క్వార్టర్ల గోడల్లోంచి వచ్చే ఆ కుదుపు, అది ఆగిన రోజు ఊరంతా చెవుడొచ్చినట్టు అయిపోయింది. నాన్న లియాఖత్ అలీ బాయిలర్ దగ్గర ఫిట్టరు. మూసేశారని ఎవరూ అనలేదు, ఆపారన్నారు. ఆఫీసు నుంచి రాజనర్సు చిన్నాయన వచ్చేవాడు, పర్సనల్ విభాగంలో గుమాస్తా, పిల్లలకు బిస్కెట్ పొట్లం తెచ్చేవాడు, అమ్మ ఇచ్చిన చాయ్ పూర్తిగా తాగేవాడు. ఇంకో వారంల తేలుతది లియాఖత్ భాయ్, గప్పటిదాంక నువ్వు ఏడికి పోకు, బాయిలర్ మళ్ళ అంటువెట్టాల్నంటె నువ్వే ఉండాలె అనేవాడు. నాన్న ముఖం అప్పుడు ఎలా వెలిగేదో. నాందేడ్ అవతల ఏదో మిల్లు నుంచి పిలుపు వస్తే నాన్న వెళ్ళలేదు. ఇక్కడ తను లేకపోతే బాయిలర్ ఎవరు చూస్తారు? ఆ ఎండాకాలం గడిచింది, తర్వాతిది గడిచింది, మిల్లువాళ్ళు వేరే ఫిట్టరును చూసుకున్నారు, నాన్న సైకిల్ రిపేరు షాపులో కూర్చున్నాడు. రాజనర్సు చిన్నాయన మీద ఇంట్లో ఎవరికీ కోపం లేదు. మంచి మనిషి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, పైవాళ్ళు చెప్పమన్నది చెప్పాడు. ఉమేరాకు ఆ బిస్కెట్ల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తోచని సంగతి ఈ చల్లటి కుర్చీలో తోచింది. ఆయనకు తెలుసు. చాయ్ తాగుతూ, కప్పు కింద పెడుతూ, గుమ్మం దాటుతూ కూడా, అది తేలేది కాదని ఆయనకు తెలుసు. నాన్నకు ఇష్టమైన మనిషి కాబట్టే ఆఫీసువాళ్ళు ఆయన్ని పంపారు.

యంత్రం చప్పుడు మారింది, ఇప్పుడు పొడుగ్గా, మూలుగులాగా. ఖాసీం అయితే ఏమంటాడో తెలుసు, ఎప్పుడూ అనేదే. అప్న డ్యూటీ కర్ లేనా, ఘర్‌కు ఆజానా, బస్. మన పని మనం చేసుకుని ఇల్లు చేరడం. తప్పేం కాదు ఆ మాట. ఓడరేవులో క్రేను కింద నిలబడే మనిషి అలాగే ఆలోచించాలి, లేకపోతే బతకడు. ఆమె జీతంతోనే శిఫా బడి నడుస్తోంది. ఆమె కూడా ఏ వేసవిలోనైనా బోర్డు మీద ఒక బిళ్ళే. ఇంకొంచెం ఆగితే ఎర్రదీపం ఆరుతుంది, రిపోర్టు వస్తుంది, ఎటైనా ఒకవైపు తేలిపోతుంది. పాదం బాగుంటే ఉబైద్‌కు తను చెప్పక్కర్లేదు, డైరెక్టరే చెబుతాడు. బాగా లేకపోతే ఉబైద్ ఇక్కడే ఉంటాడు, సంతోషిస్తాడు, ఆగమన్నందుకు తనకే కృతజ్ఞతలు చెబుతాడు. ఆ కృతజ్ఞత ఆమెకు అక్కర్లేదు. ఇదంతా ఒక కుర్రవాడి పాదంలో ఉందా? ఉబైద్ ఆడిన ఆటలన్నీ, కట్టు కట్టుకుని ఆడిన ఫైనలూ, ఆ ముసలామె మంచమూ? ఫోను మళ్ళీ మోగింది. ఉమేరా లేచి కారిడార్ చివర కిటికీ దాకా నడిచింది. కింద పార్కింగులో కార్ల మీద ఎండ తెల్లగా మండుతోంది. ఫోను ఎత్తింది.

వాళ్ళిద్దరూ ఇంగ్లీషూ అరబిక్కూ కలిపి మాట్లాడుకుంటారు. ఉబైద్ ముందు శిఫా బాగుందా అని అడిగాడు, ఎప్పుడూ అడిగినట్టే. తర్వాత, బహ్రెయిన్ వాళ్ళు మళ్ళీ ఫోను చేశారు, నేనింకా నీ మాట కోసమే ఆగాను అన్నాడు. గొంతులో ఒత్తిడేమీ లేదు, అదే ఆమెను కోసింది.

"నా మాట కోసం ఆగకు ఉబైద్. ఆగమని నాతో చెప్పించారు. క్లబ్బు ఇంకొకర్ని చూస్తోంది. అతను కుదిరితే నువ్వు లేవు, కుదరకపోతేనే నువ్వు."

ఫోనులో అతని వెనక ఎవరో పిల్లలు ఏదో గిన్నె దొర్లించిన చప్పుడు. తర్వాత ఉబైద్, ఆ కుర్రాడు దిగాడని తనకు పొద్దునే తెలిసిందనీ, దోహాలో ఏడడుగుల మనిషిని దాచడం కష్టమనీ అన్నాడు. నువ్వు చెబుతావా చెప్పవా అన్నదే తెలియలేదు అన్నాడు. ఆమె కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. అద్దం ఒక పక్క చల్లగా, లోపల ఎక్కడో వేడిగా ఉంది. రిపోర్టు ఇంకా రాలేదనీ, ఎలా వచ్చినా ముందు చెప్పాల్సింది చెప్పేశాననీ అంది. ఒక్క పది నిమిషాలు ఇంట్లో మాట్లాడి చేస్తాను అని అతను ఫోను పెట్టేశాడు.

ఎర్రదీపం ఆరింది. కుర్రవాడు ఇంకా లోపల బట్టలు మార్చుకుంటున్నాడు. పక్క తలుపులోంచి రత్నాకర్ బయటికొచ్చాడు. టీము ఫిజియోథెరపిస్టు, కరీంనగర్ దిక్కు మనిషి. ఆస్పత్రి కారిడార్లలో ఇద్దరూ తెలుగులోకి దిగిపోతారు, అది వాళ్ళకు తలుపు వేసుకోవడం లాంటిది. అతని ముఖం చూడగానే ఆమెకు తెలిసింది.

"కుడి పాదంల నడిమి బొక్కకు పగులున్నది అక్కా. పాతదే. మాని మళ్ళ పగిలింది. ఆపరేషన్ లేకుంట ఈ ఏడాది ఆడలేడు," అన్నాడు. చుట్టూ చూసి, డాక్టర్ ఇంకా సంతకం పెట్టలేదనీ, తను డైరెక్టర్‌కు మాత్రం చెప్పాననీ అన్నాడు.

"ఉబైద్‌కు నేను చెప్పేసిన, తమ్మీ. పొమ్మన్న."

ఒక్క పావుగంట ఆగితే అయిపోయేదని రత్నాకర్ అనలేదు, అతని ముఖం అంది. తన పేరు మాత్రం ఎక్కడా రానియ్యొద్దని మెల్లగా అడిగాడు, అతనికీ పిల్లలున్నారు. నీ పేరెందుకు వస్తది, నువ్వు చెప్పకముందే నేను చెప్పిన గదా అంది ఆమె. అతను వెళ్ళిపోయాక గోడకు ఆనుకుని నిలబడింది. ఒక్క పావుగంట. నిజమే. నాన్న విషయంలోనూ ఎవరైనా ఇలాగే చెప్పి ఉంటే, ఆయన నాందేడ్ వెళ్ళిపోయి ఉంటే, ఆ మర్నాడే ఫ్యాక్టరీ తెరిచి ఉంటే? ఏ రోజు చెప్పడం మేలో ఎవరికి తెలుసు. ఉబైద్ పిల్లలు బడి మారాలి, శిఫా ఏడుస్తుంది, ముసలామె ఇంకో కిటికీకి అలవాటు పడాలి, ఇదంతా తన నోటి నుంచి జారిన నాలుగు మాటల వల్ల. అయితే ఇప్పుడు ఇంకొక సంగతి తన దగ్గర ఉంది, అదీ అతనిదే. దాన్ని దాచితే తను మళ్ళీ చాయ్ తాగి కప్పు కింద పెట్టినట్టే. ఉబైద్ నంబరు నొక్కింది.

సంతకం పెట్టేశావా అని అడిగింది. కాగితం ముందరే ఉంది, అమ్మకు అర్థమయ్యేలా చెబుతున్నాను అన్నాడు. అయితే ఆగి విను అంది. ఇంకాసేపట్లో క్లబ్బు నీకు ఫోను చేస్తుంది, ఒక ఏడాదికి ఒప్పందం ఇస్తుంది, ఈసారి నిజంగానే ఇస్తుంది, సంతకం పెట్టే ముందు ఇది నీకు తెలియాలి, ఇక నీ ఇష్టం.

"ఆ పాదమేనా?" అన్నాడు ఉబైద్. పోయిన సీజను నుంచి ఆ పాదం సంగతి ఆటగాళ్ళందరికీ తెలిసిందే. అయినా రిపోర్టు ఆ కుర్రవాడిది, ఆమె చెప్పేది కాదు. ఉబైద్ మళ్ళీ అడగలేదు.

"సిస్టర్, బహ్రెయిన్ వాళ్ళు ఇంకొకరి పాదం చూసొచ్చి నన్ను అడగలేదు," అన్నాడు. "ఇక్కడ ఒక ఏడాది ఉంటాను. వచ్చే వేసవిలో నువ్వు మళ్ళీ ఫోను చేసి ఆగమంటావు. నువ్వు అంటే నేను ఆగుతాను. అందుకే వెళ్తాను" అన్నాడు.

కోపంగా అన్న మాట కాదు. ఆమె వెక్కడం అతనికి వినపడకూడదని ఫోను కొంచెం దూరంగా పట్టుకుంది. ఫోను పెట్టే ముందు అతను, శుక్రవారం భోజనానికి రండి, అమ్మ నిన్ను చూడాలంటోంది, ఖాసీంను కూడా తీసుకురా అన్నాడు.

డైరెక్టర్ సందేశం అప్పటికే వచ్చి ఉంది. ఉబైద్‌తో ఇవాళే సంతకం చేయించు. కుర్రవాడికి ఇప్పుడే ఏమీ చెప్పకు, హోటల్లో దింపు, రిపోర్టు ఆలస్యమైందను. ఉబైద్ కాగితం చేతికొచ్చేదాకా కుర్రవాణ్ణి వెచ్చగా ఉంచు. ఉమేరా దాన్ని రెండోసారి చదవలేదు. ఉబైద్ బహ్రెయిన్ వెళ్తున్నాడనీ, వెళ్ళమని చెప్పింది తనేననీ, రిపోర్టు రాకముందే చెప్పాననీ రాసి పంపింది. వెంటనే ఆయన ఫోను చేశాడు. అరవలేదు. ఏం చేశావో తెలుసా అని అడిగాడు, తెలుసు సార్ అంది. ఎందుకు అని అడిగాడు. అలిసిపోయాను సార్ అంది. ఆయన పెద్దగా ఊపిరి తీసుకుని, ఆమె అంటే తనకు గౌరవమేనని, రేపు ల్యాప్‌టాప్, క్లబ్బు ఫోను తీసుకుని ఆఫీసుకు రమ్మని చెప్పాడు. తీసుకుని అంటే ఇచ్చేసి వెళ్ళడానికి. శిఫా ఫీజు, ఖాసీం ముఖం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటిని చూసింది, సరే, రాత్రికి ఖాసీంతో ఫోనులో మాట్లాడదాం అనుకుంది.

కుర్రవాడు బయటికొచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. కుడి బూటు ఇంకా చేతిలోనే ఉంది. అంతా బాగుందా మేడం అని అడిగాడు. గొంతు ఆ ఒంటికి సరిపోనంత మెత్తగా ఉంది. పాదంలో ఏముందో డాక్టర్ చెప్పాలి, ఫోటోలు చూపించమని అడుగు, ఆ ఫోటోలు నీవి అంది ఉమేరా. క్లబ్బు సంగతి మాత్రం నేను చెబుతాను. ఈ ఏడాదికి నిన్ను తీసుకోరు. నిన్ను హోటల్లో ఉంచి, రిపోర్టు ఆలస్యమైందని చెప్పమన్నారు. ఇంకెవరైనా ఫోను చేస్తే ఎత్తు, మా కోసం ఆగకు. అతను బూటు వైపు చూస్తూ విన్నాడు. థ్యాంక్యూ అన్నాడు. అలా అంటాడని ఆమె అనుకోలేదు. లేచి, తలుపు చట్రానికి తల తగలకుండా వంగి, డాక్టర్ గదిలోకి వెళ్ళాడు.

ఆమె వెళ్ళిపోవచ్చు. అతన్ని టాక్సీ ఎక్కించి పంపినా అడిగేవాళ్ళు లేరు, ఆమె ఇక ఎవరి మనిషీ కాదు. అక్కడే కూర్చుంది. అతను తిరిగొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైనా తిన్నావా అని అడిగింది. రక్తపరీక్షకు తినొద్దన్నారని, తర్వాత ఎవరూ చెప్పలేదని అన్నాడు. నజ్మాలో మా వాళ్ళ హోటల్ ఉంది, బిర్యానీ బాగుంటుంది, పద అంది. కారులో సీటు చివరిదాకా వెనక్కి జరిపినా మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు ఆనాయి, తల పక్కకు వంచుకుని కూర్చున్నాడు. రోడ్డెక్కాక, ఇంటికి ఒకసారి ఫోను చేసుకోనా అని అడిగాడు. చేసుకో అంది. అతని భాషలో ఆమెకు ఒక్క ముక్కా తెలియదు. మొదట మెల్లగా, తర్వాత ఇంకా మెల్లగా మాట్లాడుతున్నాడు. అవతల ఒక ఆడగొంతు ఏదో అడుగుతోంది, మళ్ళీ అడుగుతోంది, ఇతను చెబుతున్నాడు. బిర్యానీ హోటల్ వచ్చేసింది, ముందర కారు పెట్టుకునే చోటు కూడా ఉంది. ఉమేరా ఆపలేదు. మెల్లగా ముందుకు పోనిచ్చి, డబ్బులు పంపే ఎక్స్‌ఛేంజి దగ్గర మలుపు తిరిగి, మళ్ళీ అదే వీధిలోకి వచ్చింది. అతనింకా మాట్లాడుతూనే ఉన్నాడు. మళ్ళీ తిరిగింది.